గాజుపోగు తెగిందా, లేదా?

మా ఆవిడ తరఫు బంధువుల్లో సగం మందికి నేను ఏం ఉద్యోగం చేశానో ఇప్పటికీ తెలియదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పేసేది, "మిషన్లకు జెరమొస్తే జూస్తడు" అని. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇంత చదువు చదివి, ఇన్ని ఫ్యాక్టరీలు తిరిగితే చివరికి నన్ను కాంపౌండరు కింద జమకట్టిందే అనుకునేవాణ్ణి. తర్వాత ఒకటి రెండుసార్లు నేనే వివరంగా చెప్పబోయాను. వినేవాళ్ళు మధ్యలోనే భోజనాల బల్లల వైపు చూడటం మొదలుపెట్టారు. దాంతో నేనూ ఆమె జవాబుకే అలవాటు పడ్డాను.

నా పని ఫైబర్ ఆప్టిక్ టెంపరేచర్ సెన్సార్లు. వాటిని అమర్చడం కొంత, అవి మొరాయిస్తే వెళ్ళి చూడటం చాలా. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఫ్యాక్టరీలలోనే నా ఉద్యోగం మొత్తం గడిచిపోయింది. ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాను. పొద్దున గేటు దగ్గర పేపరు చదువుతుంటే కండ్లకోయ కాలేజీల బస్సులు వరసగా పోతుంటాయి. ఆ పిల్లల్లో ఏ కొందరో ఇలాంటి పనిలోకే వస్తారు. వాళ్ళకు పోగులో వెలుతురు ఎలా ప్రయాణిస్తుందో కాలేజీలో బాగానే చెబుతారు. వెలుతురు ఆగిపోయిన రోజున ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెబుదామని కూర్చున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చినప్పుడల్లా విజిటింగ్ కార్డు మారింది గానీ నా బండి మారలేదు.

పని ఏమిటంటే

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోపల రాగి తీగ చుట్టలుంటాయి. కరెంటు పారుతుంటే అవి వేడెక్కుతాయి. వేడి హద్దు దాటితే రాగికి చుట్టిన కాగితం మాడుతుంది. కాగితం మాడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆశ వదులుకోవలసిందే. అందుకని ఆ చుట్టల మధ్య ఎంత వేడి ఉందో ఎప్పటికప్పుడు తెలియాలి. మామూలు థర్మామీటరు వైరు అక్కడ పెట్టలేం. అంత వోల్టేజీ మధ్యకు లోహం తీసుకెళ్ళడమంటే ప్రమాదాన్ని పిలిచి పీట వెయ్యడమే. అందుకే సన్నటి గాజుపోగు పెడతాం.

ఆ పోగు చివర చిటికెడు కూడా ఉండని ఒక పదార్థం అంటించి ఉంటుంది. బయట ఉన్న పెట్టె పోగులోకి వెలుతురు పంపిస్తుంది. చివర ఉన్న పదార్థం మెరిసి, ఆరిపోతుంది. వేడి ఎక్కువగా ఉంటే త్వరగా ఆరుతుంది, తక్కువగా ఉంటే కాస్త నిదానంగా ఆరుతుంది. ఎంతసేపట్లో ఆరిందో చూసి పెట్టె టెంపరేచర్ చూపిస్తుంది. ఇంతకుమించి ఇందులో మంత్రం ఏమీ లేదు.

కానీ తిరిగొచ్చే ఆ వెలుతురు బహు కొంచెం. దారిలో ఎక్కడ చిన్న అడ్డు పడినా పెట్టెకు అందదు. అప్పుడది అంకెల బదులు గీతలు చూపిస్తుంది. గీతలు కనబడగానే ఏ ఫ్యాక్టరీలోనైనా అందరి నోటా ఒకే మాట, "పోగు తెగింది." నేను చూసినవాటిలో నిజంగా తెగినవి తక్కువ. మిగతావన్నీ మురికి, లేకపోతే వంపు, లేకపోతే బిగువు. అయినా ఆ మాటే అంటారు. ఎందుకంటే అందులో ఒక సుఖం ఉంది. తెగిందంటే ఎవరో తెంపారన్నమాట. ఇక కారణం వెతకనక్కర్లేదు, మనిషిని పట్టుకుంటే చాలు.

కృష్ణమూర్తి గారు

మా ఓనరు కృష్ణమూర్తి గారిది బోయినపల్లిలో రెండు గదుల ఆఫీసు. ఒక గదిలో ఆయన, రెండో గదిలో మేమూ సామానూ. చేరిన కొత్తలో ఒకరోజు కనెక్టరు తుడవడానికి నేను జేబులోంచి రుమాలు తీశాను. కనెక్టరు అంటే పోగు చివర బిగించే చిన్న ముక్క, దాని కొసన గాజు ముఖం బయటికి కనబడుతుంది. ఆయన నా చేతిలోంచి రుమాలు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది దేనికి వాడతావయ్యా?"

"మొహం తుడుచుకోవడానికి సార్."

"నీ మొహం చెమట దీని మొహానికి ఎందుకు పూస్తున్నావు?"

తర్వాత నేను తుడిచిన ముక్కనే మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. శుభ్రమైన పోగు ముఖం నిండు చందమామలా కనబడుతుంది. నాది ఎవరో చెప్పులతో తొక్కి పోయినట్టుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం కోప్పడలేదు, టీ తెప్పించారు. ఆ రోజు చెప్పిన మాట నా ఉద్యోగమంతా నన్ను కాపాడింది: చూడకుండా తుడవొద్దు. తుడిస్తే మురికి పోతుంది, దానితోపాటే అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ఆనవాలు కూడా పోతుంది. ముందు చూడు, తర్వాత తుడువు, తుడిచాక మళ్ళీ చూడు.

ఆయన దగ్గర నేర్చుకోకూడనిది కూడా ఒకటుంది, దాచిపెట్టడం ఎందుకు. ఏ పాయింటు పోయినా, అంటే ఒక పోగు వేడి కొలిచే చోటు పనిచేయడం మానేసినా, రిపోర్టులో "వాడకంలో తెగింది" అని రాయమనేవారు. వాడకంలో తెగితే మా కంపెనీ బాధ్యత ఉండదు, పైగా కొత్త పోగులకు ఆర్డరు వస్తుంది. వ్యాపారం చేసేవాళ్ళ కష్టం వాళ్ళది, కాదనను. కానీ "వాడకంలో" అన్నప్పుడు వాడినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదా. ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో బోయినపల్లి గదిలో కూర్చుంటే కనబడదు.

పొందిక ఎక్కువైతే

శామీర్‌పేట వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో మైక్రోవేవ్ డ్రైయరు ఉండేది. అందులోనూ లోహం పెట్టకూడదు గనక మా పోగులే పెట్టారు. నెల తిరక్కుండానే టెంపరేచర్ ఎగిరెగిరి పడటం మొదలైంది. ఒకసారి సరిగ్గా చూపిస్తుంది, ఇంకోసారి గీతలు. అక్కడివాళ్ళు డ్రైయరును అనుమానించారు, పెట్టెను అనుమానించారు, చివరికి కరెంటు డిపార్టుమెంటును కూడా తిట్టారు.

నేను వెళ్ళి చూస్తే, మిగిలిన పోగును ఎవరో చేతి గాజుల సైజులో చుట్టి, పూలదండకు కట్టినట్టు దారంతో ముచ్చటగా ముడేశారు. గాజుపోగును అంత సన్నగా వంచితే వెలుతురు వంపు దగ్గరే బయటికి కారిపోతుంది. ఎవరి పని అని అడిగితే ఆపరేటరు సిగ్గుపడుతూ ముందుకొచ్చాడు.

"కిందవడి ఉంటె మంచిగ గొడ్తలేదని సుట్టిన సార్."

"నీ అసొంటి పొందికమంతులు ఊరికొకలుంటె మా కంపెనీకి మస్తు గిరాకి" అన్నాను. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. దారం విప్పి, అన్నం తినే పళ్ళెమంత వెడల్పు చుట్టగా వదులుగా వేస్తే అంకెలు నిలబడ్డాయి. పనిలో మంచివాళ్ళు చేసే పొరపాట్లే పట్టుకోవడం కష్టమని ఆ రోజు అనిపించింది. బద్ధకస్తుడు చేసిన పాడు పైకే కనబడుతుంది. శ్రద్ధగా చేసిన పాడు అందంగా కనబడుతుంది.

ఆ రోడ్డు

పని గురించి రాస్తూ రోడ్డు గురించి రాయకపోతే నాకు మనసొప్పదు. అప్పట్లో మేడ్చల్ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలుండేవి. కాపు రోజుల్లో తోటల ముందే బుట్టలు పెట్టుకుని అమ్మేవారు. మైక్రోస్కోపును తువ్వాలులో చుట్టి బ్యాగులో పెట్టి, దాని పైన ద్రాక్ష పొట్లం పెట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. ఒకసారి పొట్లం చితికి రసం మైక్రోస్కోపు మీద కారితే, మా ఆవిడ దాన్ని సబ్బు పెట్టి కడగబోయింది. నేను వంటింట్లోకి పరిగెత్తిన తీరు తలచుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

దేవరయాంజాల్ దగ్గర ఒక హోటల్లో చాయ్ బాగుండేది. చలికాలం పొద్దున అక్కడ బండి ఆపితే శామీర్‌పేట చెరువు వైపునుంచి వచ్చే గాలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, వేళ్ళు కదలికలోకి వచ్చాకే ఫ్యాక్టరీకి పోయేవాణ్ణి. కొంకర్లు పోయిన చేత్తో గాజుపోగు ముట్టుకోకూడదు మరి. ఇప్పుడా తోటలు లేవు, హోటలూ లేదు. వెంచర్లు, ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. మొన్న మనవరాలిని వెనక కూర్చోబెట్టుకుని అటు వెళ్ళాను. ఇక్కడే ద్రాక్ష కొనేవాణ్ణి అని చూపిద్దామంటే, ఎక్కడ చూపించాలో నాకే తెలియలేదు. ఆ పొద్దున గాలి, ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసన, రాగి తీగ చుట్టే వైండింగ్ సెక్షన్లో ఆడవాళ్ళ ముచ్చట్లు, ఇవన్నీ నాకు చాలా గుర్తొస్తుంటాయి. నిజం చెప్పాలంటే బెంగగా ఉంటుంది.

మూడు గీతలు

ఇక అసలు చెప్పాలనుకున్నది. మేడ్చల్ దాటాక గౌడవెల్లి వైపు తిరిగే దారిలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ. పేరెందుకు లెండి. నేను రిటైరవడానికి కొంచెం ముందు, దసరా సెలవులు అయ్యాక, అక్కడి మేనేజరు వెంకట్రావు గారి నుంచి ఫోను వచ్చింది. ఆయన కోస్తా నుంచి వచ్చి మేడ్చల్‌లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. పూజ చేసుకోకుండా కాఫీ ముట్టరు. పనిలో నిక్కచ్చి. కింద పనిచేసేవాళ్ళను కూడా మీరు అనే పిలుస్తారు.

"సత్తయ్య గారూ, టెస్టింగ్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లో మూడు పాయింట్లు పోయాయండి. రేపు కస్టమరు తరఫు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. మీరొకసారి వచ్చి, లోపల తెగిందని రాసిచ్చారంటే మేం ట్యాంకు విప్పుకుంటాం."

"వస్త సార్. సూసినంక రాస్త" అన్నాను. నేను రాకముందే నా రిపోర్టు ఆయన రాసేసుకున్నారని నాకు కొంచెం మండింది కూడా.

వెళ్ళేసరికి ఆయన టెస్టింగ్ బే గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అంతా వివరంగా చెప్పారు. రాగి చుట్టలను ట్యాంకులో దించే ముందు చూసినప్పుడు పాయింట్లన్నీ బాగున్నాయి. దించారు, నూనె నింపారు, ఆయుధపూజ చేసుకున్నారు, సెలవులకు ఇళ్ళకు పోయారు. తిరిగొచ్చి పెట్టె తగిలిస్తే మూడింటికి గీతలు. పెట్టెనుంచి ట్యాంకుకు వచ్చే కేబుళ్ళు మార్చి మార్చి చూశారు. పెట్టె బాగుంది, కేబుళ్ళు బాగున్నాయి. ట్యాంకు గోడ దాటాకే ఏదో పోయింది.

"చుట్టల్లో పోగులు పరిచింది శాంతమ్మ గారండీ" అన్నారు గొంతు తగ్గించి. "ఆవిడ చెయ్యి బరువైపోయింది. బిగించేటప్పుడు తెంపేసి ఉంటారు. మీ రిపోర్టు రాగానే వైండింగ్ వేరేవాళ్ళకి అప్పగిద్దామనుకుంటున్నాను. ఆవిణ్ణి మళ్ళీ కాగితాల కటింగ్‌కి పంపించేస్తాను."

శాంతమ్మను నేను బాగా ఎరుగుదును. గౌడవెల్లి మనిషి. పొద్దున భర్త బండి మీద దింపిపోతాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు, మిగతా రోజుల్లో వైండింగ్ సెక్షన్లో అందర్నీ అదిలించే గొంతు. కాగితాలు కత్తిరించే పనిలో చేరి, ఏళ్ళకేళ్ళు చూసి నేర్చుకుని, ఆ సెక్షన్‌కు పెద్ద అయింది. ఆ ఫ్యాక్టరీలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. పోగు ఎలా పరచాలో ఆ సెక్షన్ వాళ్ళకు నేర్పింది నేనే.

వెళ్ళి చూస్తే ఆమె అప్పుడే కాగితాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేతిలో కత్తెర ఉంది గానీ కత్తిరించడం లేదు.

"ఏం శాంతమ్మ, గీడ గూసున్నవేంది?"

"పెద్దసార్ రిపోర్టొచ్చేదాంక గీడనే ఉండమన్నడు సార్."

"నువ్వు తెంపినవా?"

"ఏమో సార్. బిగిచ్చేటప్పుడు జర గట్టిగ గుంజిన్నో ఏమో. నిన్నటి సంది గదే సోంచాయిస్తున్న. ఏ చేత్తోని గుంజిన్నో గూడ యాదికొస్తలేదు."

"ఎవలకన్న గిట్ల జెప్పినవా?"

"అడిగినోళ్ళకల్ల జెప్పిన. నేనే తెంపిన్నేమోనని."

నాకు కోపం వచ్చింది. "తెల్వని దానికి ఎందుకు ఒప్పుకుంటవ్?"

"నా చేతుల మీదికెల్లి వొయింది గద సార్. ఇంకెవలను సూపెట్టాలె?" అంది.

బయటికి వచ్చేసరికి కృష్ణమూర్తి గారి ఫోను. వెంకట్రావు గారు ఆయనకూ చెప్పినట్టున్నారు. "గోడ దాటాక పోయిందంటున్నారుగా, ఇంక చూసేదేముందయ్యా? వాడకంలో తెగింది అని రాసి పంపు. కొత్త పోగులు నేను రెడీ చేయిస్తాను" అన్నారు. "ముందు చూడమని నేర్పింది మీరే గద సార్" అన్నాను. "సరే, చూసే రాయి" అని పెట్టేశారు.

పక్కపక్కన ఎక్కడున్నాయి?

నేను బ్యాగు విప్పలేదు. ముందు డ్రాయింగు తెప్పించమన్నాను. పోయిన మూడు పాయింట్లు ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. కొత్తవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చదవండి. పని చాలావరకు ఇక్కడే అయిపోయింది.

ట్రాన్స్‌ఫార్మర్లో రాగి చుట్టలు మూడు. పోయిన పాయింట్లలో ఒకటి మొదటి చుట్ట పైన, ఇంకొకటి మధ్య చుట్టలో, మూడోది చివరి చుట్ట అడుగున ఉన్నాయి. ఆ మూడు చుట్టలూ వేరువేరు రోజుల్లో తయారైనవి. ఒకే చెయ్యి గట్టిగా లాగితే ఒక చుట్టలో తెగాలి గానీ, మూడు చోట్ల మూడు సార్లు, చుట్టకొక్కటి చొప్పున, పక్కనున్న వాటికి ఏమీ కాకుండా తెగుతుందా? నాకు నమ్మకం కుదరలేదు.

లోపల అంత దూరదూరంగా ఉన్నవి ఎక్కడన్నా దగ్గరగా వస్తాయా అని చూశాను. వస్తాయి. ట్యాంకు గోడకు ఒక ఉక్కు ప్లేటు ఉంటుంది. లోపలి పోగులన్నీ వచ్చి దాని మీద సాకెట్లలో ముగుస్తాయి. బయటి కేబులు అక్కడ తగిలిస్తాం, కేబులు లేనప్పుడు నల్లటి ప్లాస్టిక్ మూత బిగిస్తాం. మన మూడు పాయింట్లూ ఆ ప్లేటు మీద పై వరసలో సరిగ్గా మధ్యన, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

"ఇవి తుడిచిండ్రా?" అని టెస్టింగ్ వాళ్ళను అడిగాను.

"తుడిసినం సార్. గుడ్డకు ఎర్రగ అంటింది, ట్యాంకు పెయింటు అనుకున్నం" అన్నారు.

వాళ్ళు తుడిచింది కేబులు కొసను. అది చేతికి వస్తుంది. సాకెట్ అడుగున ఇంకో గాజు ముఖం ఉంటుంది, లోపలి పోగుది. దానికి గుడ్డ అందదు. అడుగున మురికి ఉంటే, తుడిచిన కేబులు తగిలించిన ప్రతిసారీ అది మళ్ళీ అంటుకుంటుంది. ఎంత తుడిచినా ఫలితం ఉండదు.

సాకెట్లో పెట్టి చూసే సన్నటి స్కోపు నా దగ్గర ఉంది. మొదటి సాకెట్లో పెట్టాను. చందమామ లేదు. ఎర్రటి ముద్దలు, మధ్యలో నూనె మెరుపు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తల ఎత్తి ట్యాంకు వైపు చూశాను. పసుపు గీతలు, వాడిన బంతిపూల దండ ఇంకా అలాగే ఉన్నాయి. నాకు అర్థమైపోయింది. అయినా నేను చెప్పడం బాగుండదనిపించింది.

"సార్, జర మీరు గూడ సూడుండ్రి" అని వెంకట్రావు గారిని పిలిచాను.

ఆయన వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత ప్లేటు వైపు, దండ వైపు చూశారు.

"కుంకుమండీ అది" అన్నారు మెల్లగా.

తర్వాత ఆయనే చెప్పారు. ఏటా ఆయుధపూజ ఆయన చేతుల మీదుగానే జరుగుతుంది. కుంకుమ నూనెలో తడిపి, ఒక్కో మిషనుకు మొహం ఎక్కడుందో చూసుకుని మూడు బొట్లు పెడతారు. "దీనికి ఈ ప్లేటే మొహం అనిపించిందండీ. కానీ అన్నిటికీ నల్ల మూతలున్నాయి. మూత మీద పెడితే మూతకి పెట్టినట్టే కదా, రేపు తీసి పారేస్తారు. అందుకని మధ్యలోవి మూడు మూతలు తీసి, వేలితో అద్ది, మళ్ళీ బిగించాను."

"మళ్ళ బిగిచ్చిండ్రా సార్?"

"దుమ్ము పడకూడదని బిగించానండీ."

నవ్వు వచ్చే మాటే, కానీ ఆయన ముఖం చూస్తే నవ్వు రాలేదు. బొట్టు పెట్టడాన్ని ఎగతాళి చేసేవాణ్ణి కాను. నా బండికి ఇప్పటికీ నేను పెడతాను. మిషన్లతో బతికేవాళ్ళకు ఆ భయభక్తులు ఉంటేనే మంచిది. "మొహమే సార్, తప్పు లేదు" అన్నాను. "కాకుంటె బొట్టు కంట్ల వడ్డది."

శుభ్రం చేయడానికి చాలా ఓపిక పట్టింది. సన్నటి పుల్లకు స్పిరిట్ అద్ది లోపల ఒకసారి తిప్పడం, పొడి పుల్లతో ఇంకోసారి తిప్పడం, స్కోపు పెట్టి చూడటం, మళ్ళీ మొదలు. నూనె కుంకుమను మూలమూలలకూ పట్టుకెళ్ళింది. వెంకట్రావు గారు నా పక్కనే నిలబడి, వాడేసిన పుల్లలు తన చేతిలోకే తీసుకున్నారు. మొదటి పాయింటు అంకెలు చూపించింది. రెండోదీ చూపించింది. మూడోదాని ముఖం మీద చిన్న గీత మిగిలింది గానీ అదీ వెలిగింది. మూడూ నూనె టెంపరేచర్‌తో సరిపోయాయి.

"రిపోర్టులో ఏం రాస్తారు?" అని అడిగారాయన.

"సాకెట్లల్ల మురికి వడ్డది, సాఫ్ జేసినం, పోగులు మంచిగున్నయ్ అని రాస్త."

"ఆ మురికి ఏమిటో?"

"గది మీ ఇష్టం సార్."

రిపోర్టు పోని చోటు

కొందరు నన్ను మెతకవాడంటారు. ఎవరి పేరూ రాయకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. మిషనుకు ఏమైందో రాయడం నా పని, ఎవరు చేశారో రాయడం కాదు. కానీ కొత్తవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన రిపోర్టు మేనేజరు బల్ల మీదికి పోతుంది, కస్టమరుకు పోతుంది, ఫైల్లోకి పోతుంది. నిందపడ్డ మనిషి దగ్గరికి మాత్రం అది పోదు. అక్కడికి మనమే నడిచిపోవాలి.

నేను వైండింగ్ సెక్షన్‌కు బయలుదేరితే వెంకట్రావు గారు కూడా వెనకే వచ్చారు. అక్కడ పని సగంలో ఆగి ఉంది. మనుషులు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అందరికీ తెలుసు నేను దేనికి వచ్చానో.

"శాంతమ్మ, పోగులు తెగలే" అన్నాను.

ఆమె లేవలేదు. "మూడునా?"

"మూడు. మంచిగున్నయ్."

"మరి గీతలెందుకొచ్చినయ్ సార్?"

"సాకెట్లల్ల మురికి వడ్డది."

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"గా మురికి నా చేతులదా సార్?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. పోగు తెగలేదంటే చాలు, ఆమె గుండె బరువు దిగిపోతుందనుకున్నాను. "మురికి" అని మర్యాదకు వాడిన నా మాట మళ్ళీ తిరిగి తిరిగి ఆమె చేతులకే అంటుకుంది. గోడలకు ఆనుకున్నవాళ్ళంతా నా వైపు చూస్తున్నారు. ఇక చెప్పక తప్పదని నోరు తెరిచాను.

వెంకట్రావు గారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. తల మీది హెల్మెట్ తీసేసి ముందుకు నడిచారు.

"కాదు శాంతమ్మ గారూ. నా చేతులది" అన్నారు. అందరికీ వినబడేలానే అన్నారు. "పూజ రోజు మూతలు తీసి బొట్టు పెట్టింది నేను. ఆ కుంకుమే లోపలికి పోయింది. మీరు పరిచిన పోగులకి ఏమీ కాలేదు. నేను చూడకుండా మిమ్మల్ని అన్నాను."

శాంతమ్మ కత్తెర బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"అయితే నేను తెంపలే" అంది.

"లేదండీ."

ఆమె గోడల దగ్గర ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "ఇన్నరా? నేను తెంపలే" అని ఒక్కొక్కరి ముఖం చూస్తూ చెప్పింది. రెండు రోజులుగా అడిగినవాళ్ళందరికీ తానే తెంపానేమో అని చెప్పుకున్న మనిషి, ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి, అప్పుడు బల్ల పట్టుకుని పైకే ఏడ్చేసింది. ఆమె ఏడుపు ఆగేదాకా వెంకట్రావు గారు హెల్మెట్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు.